బాపు పుట్టిన ఊళ్ళో కూర్చుని మాంగా గురించి: బొమ్మ ఎవరి కోసం, మాట ఎవరిది?

నరసాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టాపిక్ పెద్దవాళ్ళ మాంగా, అందులో వచ్చే ఫ్యాన్ సర్వీస్, దాని వెనకున్న చరిత్ర. కంగారు పడకండి, ఇబ్బంది పెట్టే బొమ్మలు గానీ మాటలు గానీ ఇందులో లేవు. పక్కన అమ్మమ్మ ఉన్నా స్పీకర్‌లో పెట్టుకుని వినొచ్చు. నిజానికి రెండో సగం ఆవిడకే ఎక్కువ నచ్చుతుంది.

ముందు ఫ్యాన్ సర్వీస్ అంటే ఏంటి? కథకి అవసరం ఉన్నా లేకపోయినా, చదివేవాడు సంబరపడతాడని వేసే బొమ్మ. గాలికి ఎగిరే గౌను, వేడినీళ్ళ స్నానాల సీను, ఉన్నట్టుండి బీచ్‌కి బయల్దేరే ఎపిసోడ్. మన భాషలో చెప్పాలంటే ఐటెం సాంగ్. పాట తీసేసినా కథ ఆగదు. కానీ పోస్టర్ మీద ఉండేది ఆ పాటే!

ఇది ఎక్కడ మొదలైంది? 1814లో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ తన స్కెచ్‌లని "మాంగా" పేరుతో పుస్తకంగా వేశాడు. పెద్ద కెరటం బొమ్మ మీ అందరికీ తెలుసు కదా, ఆ హొకుసాయే. ఆయనే పెద్దల కోసం శృంగార చిత్రాలు కూడా వేశాడు. వాటిని షుంగా అంటారు. అప్పటికే అక్కడి ప్రభుత్వం అలాంటి పుస్తకాల మీద ఆంక్షలు పెట్టి తొంభై ఏళ్ళు దాటింది. అయినా అచ్చవుతూనే ఉన్నాయి. ఈ దోబూచులాట కొత్తదేం కాదన్నమాట.

ఇక మనకి తెలిసిన మాంగా సంగతి. 1968లో షోనెన్ జంప్ పత్రిక మొదలైంది. చదివేది పిల్లలు. ఆ ఏడాదే అందులో గో నగాయ్ "హరెంచి గకుఎన్" అనే సీరియల్ మొదలుపెట్టాడు. సిగ్గులేని బడి అని అర్థం. పిల్లలు ఎగబడ్డారు, తల్లిదండ్రుల సంఘాలు మండిపడ్డాయి. ఇక్కడ ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ తల్లిదండ్రుల కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే అది పిల్లల పత్రిక.

అదే సమయంలో ఇంకో మార్పు కూడా జరుగుతోంది. చిన్నప్పుడు మాంగా చదివిన తరం కాలేజీకొచ్చింది, ఉద్యోగాల్లో చేరింది, కానీ చదవడం మానలేదు. వాళ్ళ కోసం పబ్లిషర్లు వేరే పత్రికలు పెట్టారు. 1967లో మాంగా యాక్షన్ వచ్చింది, లూపిన్ ద థర్డ్ పుట్టింది అందులోనే. 1968లో బిగ్ కామిక్, 1979లో యంగ్ జంప్, 1980లో యంగ్ మ్యాగజైన్ వచ్చాయి. వీటినే సెయినెన్ అంటారు. అంటే పిల్లల అర ఒకటి, పెద్దల అర ఒకటి. గొడవ పూర్తిగా తీరలేదు గానీ, ఎవరి కోసం రాస్తున్నామో అట్ట మీదే తెలిసింది.

అలాగని పెద్దల అరకి అడ్డే లేదనుకోకండి. జపాన్ శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ ఉంది, అశ్లీలత మీద. 2002లో ఒక మాంగా మీద కేసు పెట్టి పబ్లిషర్‌ని అరెస్టు చేశారు. 2004లో టోక్యో కోర్టు దోషి అని తేల్చింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, 2007లో శిక్ష ఖాయమైంది. మాంగా పుట్టిన దేశంలోనే పరిస్థితి ఇది.

సరే, ఇప్పుడు మన గోదావరికి వద్దాం.

1933 డిసెంబరు 15న ఇక్కడే, ఈ నరసాపురంలోనే సత్తిరాజు లక్ష్మీనారాయణ పుట్టారు. మనందరికీ బాపు. పెద్ద కళ్ళు, వాలు జడ, ఒక్క గీతలో ఒంపు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి బాగుందని చెప్పాలంటే ఇప్పటికీ "బాపు బొమ్మలా ఉంది" అంటాం. ఒక చిత్రకారుడి పేరు భాషలో అందానికి కొలతగా మారిపోవడం మామూలు విషయం కాదండి. వారపత్రికల్లో ఆయన బొమ్మ కోసం కథ చదివినవాళ్ళు ఎంతోమంది. మరి అది కూడా ఫ్యాన్ సర్వీసేనా?

కొంత అవునండి, దాచడం ఎందుకు! అందమైన బొమ్మ ఉంటే పత్రిక అమ్ముడవుతుందని ఎడిటర్లకి తెలుసు. కానీ బాపు బొమ్మలో నేను చూసే తేడా ఒకటుంది. ఆ అమ్మాయికి ఒక ఉద్దేశం ఉంటుంది. అలిగిందో, వెక్కిరిస్తోందో, మొగుడి మాట నమ్మట్లేదో కళ్ళలోనే తెలిసిపోతుంది. మనం ఆమెని చూస్తుంటే ఆమె కూడా మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. చవకబారు ఫ్యాన్ సర్వీస్‌లో మొదట మాయమయ్యేది ఆ చూపే. ఒళ్ళు మిగులుతుంది, మనిషి ఉండదు.

అంతా బాగానే ఉంది, కానీ బాపు మగవాడే కదా అంటారా? కరెక్ట్. ఆడమనిషే స్వయంగా రాస్తే ఏమవుతుందో కూడా మన చరిత్రలో ఉంది.

ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు, ప్రతాపసింహుడి ఆస్థానం. ఆవిడ తెలుగులో "రాధికా సాంత్వనము" అనే కావ్యం రాసింది. తను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసిన రాధ, తర్వాత వేగలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలతాడు. కథ అంతే. కానీ కోరిక గురించి అందులో మాట్లాడేది ఆడది, చొరవ తీసుకునేది ఆడది. శృంగార కావ్యాలు మగకవులు బోలెడు రాశారు, మనవాళ్ళు భేషుగ్గా చదువుకున్నారు. ఈవిడ రాస్తే మాత్రం తేడా వచ్చింది.

తేడా చెప్పింది ఎవరో కాదు, మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గారు. వితంతు వివాహాలు చేయించి ఊరితో తిట్లు తిన్న మహానుభావుడు. ఆయనే తన కవుల చరిత్రలో ముద్దుపళనిని గట్టిగా విమర్శించారు, ఆడదానికి ఉండాల్సిన సిగ్గు లేదన్న ధోరణిలో.

దానికి జవాబిచ్చింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆవిడా కళావంతుల కుటుంబంలో పుట్టిన విదుషీమణే. అచ్చులో ఉన్న ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గమనించి, రాతప్రతి సంపాదించి, పరిష్కరించింది. 1910లో వావిళ్ళ వాళ్ళు ఆ పుస్తకం వేశారు. పీఠికలో ఆవిడ అడిగిన ప్రశ్న సారాంశం ఇది: సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా?

ప్రశ్నకి జవాబు రాలేదు గానీ పోలీసులు వచ్చారు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ కాపీలు స్వాధీనం చేసుకుని నిషేధం పెట్టింది. అది తొలగించడానికి 1947 దాకా ఆగాల్సొచ్చింది. మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం గారి హయాంలో ఆ పని జరిగింది. ఒకప్పుడు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేసినాయన! తప్పుపట్టిన పెద్దాయనా, తలుపు తీసిన పెద్దాయనా, ఇద్దరూ గోదారి నీళ్ళు తాగినవాళ్ళే. కాబట్టి "మన సంస్కృతి ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే, ఏ మనం, ఏ సంవత్సరం అని అడగండి.

ఈ రెండు గొడవలూ పక్కపక్కన పెట్టి చూడండి. జపాన్‌లో అభ్యంతరం చదివేవాళ్ళ వయసు మీద. దానికి దారి దొరికింది, వేరే అర పెట్టారు. మన దగ్గర అభ్యంతరం రాసినవాళ్ళు ఆడవాళ్ళు కావడం మీద. దానికి అర పెట్టలేదు, పుస్తకమే మాయం చేశారు. ముప్ఫై ఆరేళ్ళు! మొదటిది జాగ్రత్త, రెండోది నోరు నొక్కడం. రెండింటికీ అశ్లీలం అనే ఒకే పేరు పెడితే ఎవరికి లాభమో మీరే ఆలోచించండి.

మరి ఇప్పుడు? ఇప్పుడు అర అనేదే లేదు. పదేళ్ళ పిల్లాడి ఫోనూ, ముప్ఫై ఏళ్ళవాడి ఫోనూ ఒకటే. అందుకని మూడు మాటలు చెప్తాను, ఇవి నా సొంత అభిప్రాయాలు.

ఒకటి. మీరు పెద్దవాళ్ళయితే ఏం చదువుతారో మీ ఇష్టం, కానీ ఆ పేజీని ఫ్యామిలీ గ్రూపులో, స్కూలు పిల్లలున్న గ్రూపులో పడేయకండి. అర పెట్టే బాధ్యత ఇప్పుడు మన చేతిలోనే ఉంది.

రెండు. బొమ్మే కదా అని బడిపిల్లల పాత్రలతో అలాంటివి చూడటం, పంపడం సరదా కాదు. మన ఐటీ చట్టంలో 67బి సెక్షన్ పిల్లల్ని అసభ్యంగా చూపించే డిజిటల్ చిత్రాల గురించే. బొమ్మ గీసి రాసినంత మాత్రాన అది వదలదు.

మూడు, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. గీతకి నొప్పి ఉండదు. ఫొటోలో అమ్మాయికి ఉంటుంది. క్లాసులో పిల్ల ఫొటో తీసుకుని యాప్‌లో పెట్టి బట్టలు మార్చేయడం ఫ్యాన్ సర్వీస్ కాదు, నేరం. ముద్దుపళని తన మాట తనే రాసింది. ఆ ఫొటోలో అమ్మాయిని ఎవరూ అడగలేదు. తేడా మొత్తం అక్కడే ఉంది.

మా ఊరు ఇంకోదానికి కూడా ప్రసిద్ధి. లేసు అల్లికలు. కళ్ళు పోయేలా కూర్చుని అల్లేది ఆడవాళ్ళు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకమే రాసింది. రోజంతా పనిచేసేవాళ్ళని ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగానే లెక్కేశారనీ, వ్యాపారం, లాభం మగవాళ్ళ చేతిలో ఉన్నాయనీ చెప్పింది. మాంగాకీ లేసుకీ ఏంటి సంబంధం అంటారా? ఏది చూసినా అడగాల్సిన ప్రశ్న ఒకటేనండి. ఇందులో ఉన్న ఆడమనిషి మాట ఎక్కడ?

ఈసారి మీకు నచ్చిన సిరీస్ తెరిచినప్పుడు ఒక్క పేజీ అలా చూడండి. ఆ పాత్ర మిమ్మల్ని తిరిగి చూస్తోందా లేదా? చూస్తుంటే చదవండి, హాయిగా చదవండి. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.