హైపర్‌థర్మియా (క్యాన్సర్ ఉష్ణ చికిత్స)

క్యాన్సర్ కణితిని సుమారు గంటపాటు 40–44 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి, దానితోపాటు రేడియేషన్ లేదా కీమోథెరపీ ఇచ్చే చికిత్స హైపర్‌థర్మియా. కణితిని 60 డిగ్రీలు దాటించి నేరుగా మాడ్చేసే అబ్లేషన్ వేరు.

1866లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ బుష్, ముఖం మీద సార్కోమా ఉన్న రోగికి చర్మానికి సోకిన ఇన్‌ఫెక్షన్‌తో తీవ్ర జ్వరం వచ్చాక ఆ కణితి కరిగిపోయిందని రాశాడు. వేడి వల్ల కణితికి రక్తం, ఆక్సిజన్ బాగా అందుతాయి. ఆక్సిజన్ అందిన కణాలపై రేడియేషన్ ఎక్కువగా పనిచేస్తుంది. పైగా దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి కణానికి తగ్గుతుంది. 43 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ, అదే ఫలితానికి పట్టే సమయం సగానికి తగ్గుతుందని 1984లో శాపరెటో, డ్యూయీ లెక్కగట్టారు. అందుకే ఇక్కడ ఒక్క డిగ్రీ తేడా కూడా చిన్నది కాదు.

నెదర్లాండ్స్‌లో కటి భాగపు క్యాన్సర్లున్న 358 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వారిలో ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మాత్రమే పొందిన స్త్రీలలో మూడేళ్ల తర్వాత 27 శాతం మంది జీవించి ఉండగా, వేడి కూడా అందిన వారిలో 51 శాతం మంది ఉన్నారు. ఇది ఎంతో విలువైన తేడా. కానీ 2005లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇదే క్యాన్సర్‌పై 110 మందితో చేయించిన పరీక్షలో ఆ మేలు కనబడలేదు. రెండింటిలో వేడిచేసిన పరికరాలు వేరు. వేడి కణితి అంతటికీ సరిగా చేరిందా అన్నదే అసలు ప్రశ్న.

అది చేరడం కష్టం. ప్రవహించే రక్తం వేడిని మోసుకుపోతుంది. కొవ్వు, ఎముక అంచుల దగ్గర అది పోగుపడి రోగికి నొప్పి పుడుతుంది. లోతైన కణితులకు రోగి చుట్టూ వలయంగా యాంటెనాలు అమర్చి, సుమారు 70–120 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపుతారు. మధ్యలో ఉండే నీటి సంచి చర్మాన్ని చల్లగా ఉంచుతుంది. ఒక్కో యాంటెనా తరంగపు బలాన్ని, దశను మార్చుతూ వేడిని కణితి మీద కేంద్రీకరిస్తారు. రోగి సీటీ స్కాన్ ఆధారంగా ఈ అమరికను ముందే కంప్యూటర్‌లో లెక్కించడం ఈ రంగం సాధించిన పెద్ద మెరుగుదల.

సన్నని ప్రోబ్‌తో కొలిస్తే కొన్ని బిందువుల ఉష్ణోగ్రతే తెలుస్తుంది. నీటిలోని ప్రోటాన్ల పౌనఃపున్యం వేడితో స్వల్పంగా మారుతుంది కనుక ఎంఆర్ఐ, కోత లేకుండానే ఉష్ణోగ్రత పటాన్ని చూపగలదు. అయితే శ్వాస కదలికలు, పేగుల్లోని వాయువు ఆ కొలతను చెడగొడతాయి. కాబట్టి కదలిక తక్కువగా ఉండే కాళ్లు, చేతుల సార్కోమాలలో ఇది నమ్మకంగా పనిచేస్తుంది; పొట్టలోని కణితులకు ఇంకా సవరణలు కావాలి.