అరుగు మీద లేసు, కుంపటి మీద రొట్టె

మా వైపు ఇళ్లకి వీధి అరుగులు లేకపోయి ఉంటే నరసాపురం లేసు ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం. తెల్లటి సన్న దారం, చివర చిన్న కొక్కెం ఉన్న సూది, బొటనవేలి గోరంత పువ్వు. దీనికి కావలసిందల్లా వెలుగు. పాతకాలపు పెంకుటిళ్లల్లో నడవాలో పట్టపగలే చీకటి, వంటింట్లో పొగ. మధ్యాహ్నం భోజనాలయ్యాక నీడ పడి, పొద్దు వాలే దాకా చూపు ఆనే చోటు తూర్పు ముఖం అరుగే. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా కాలవ గట్టు వెంట ఏ ఊరికి వెళ్లినా, నా చిన్నతనంలో, ఆ వేళకి అరుగుల నిండా ఆడవాళ్లే. ఒళ్లో తెల్ల గుడ్డ, పక్కన కొబ్బరి చిప్పలో దారం ఉండ. ఉండ దొర్లి మట్టి అంటుకుంటే లేసు మాసిపోతుంది, మాసిన లేసుకి డబ్బు కోస్తారు. అందుకే చిప్ప.

ఈ పని మాకు ఎలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న నరసాపురం లేసుకంటే ముందు గుడ్డకి పేరు మోసింది. ఊరిని ఆనుకునే ఉన్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లకి గిడ్డంగి ఉండేది. అక్కడి నుంచి ఓడలెక్కిన మెత్తటి నూలు గుడ్డని ఐరోపాలో ‘మడపోలం’ అనే పిలిచేవారు. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చిపడ్డాక ఆ మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. దానిమీద 1833 నాటి పెద్ద కరువు. ఆ తర్వాత మూడేళ్లకి, 1836లో, ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే చిన్న ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో దేశంలో దిగి, గోదావరి డెల్టాకి వచ్చి, నరసాపురం, పాలకొల్లులని స్థావరం చేసుకుని మతప్రచారం మొదలుపెట్టారు. లేసు వచ్చింది వీళ్ల వెనకాలే. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు దంపతులు నరసాపురంలో ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారని చెబుతారు. క్రైస్తవంలోకి వచ్చి, కులంవాళ్లకి దూరమై, పని దొరకని పేద ఇళ్ల ఆడవాళ్లకి నాలుగు డబ్బులు వచ్చే దారి చూపాలని.

ఇక్కడ ఒక పోలిక నన్ను ఎప్పుడూ ఆపుతుంది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి జనం అలమటిస్తుంటే, కార్క్ ప్రాంతపు మఠాల్లో సన్యాసినులు ఆడపిల్లలకి ఈ కొక్కెం సూదినే నేర్పి కడుపు నింపుకొమ్మన్నారు. అంతకు ముందే, 1820ల్లో, నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే దొరసాని వేరే రకం లేసు నేర్పి బడి నడిపింది. తర్వాతి కాలంలో పైన గోదావరి ఒడ్డున, భద్రాచలం పక్క దుమ్ముగూడెంలో, కెయిన్ దంపతులూ ఇదే పని చేశారు. ఆకలి ఉన్నచోటికి సూది పంపడం అప్పటి పద్ధతి. పెట్టుబడి అక్కర్లేదు, కొట్టం అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు. మనిషి కళ్లూ వేళ్లూ ఉంటే చాలు.

మొదట్లో ఈ లేసు అమ్మకానికి కాదు. మిషనుకి చందాలు పంపే సీమ దొరసానులకి కానుకలుగా వెళ్లేదట. కానుక అందుకున్నవాళ్లు ఇంకా కావాలన్నారు, డబ్బిస్తామన్నారు. అక్కణ్ణుంచి వ్యాపారం. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా మనవాళ్లే ఎగుమతి చేయడం మొదలెట్టారు. దారం సీమ నుంచి రావడం, లేసు సీమకి పోవడం. మధ్యలో మేం.

పేటల్లో పుట్టిన పని ఊళ్లోకి ఎలా ఎక్కిందన్నది నాకు అసలు కథ. 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. కాలవలు పారాయి, మెరక భూములు మాగాణి అయ్యాయి, కొన్ని ఇళ్లల్లో గాదెలు నిండాయి. గాదె నిండిన ఇంటి ఆడది పొలం గట్టు మీద కనిపించకూడదు. మా ఇళ్లల్లో మర్యాదంటే అదే. మా తాతమ్మ నాట్లు వేసిందనీ, మా మామ్మ మటుకు పెళ్లయ్యాక చేలోకి అడుగు పెట్టలేదనీ మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్లు. కానీ గాదె ఒక ఏడు నిండితే రెండేళ్లు వెలితిగా ఉండేది. ఆడవాళ్లు గడప దాటకూడదు, డబ్బు మాత్రం కావాలి. ఈ రెంటికీ సరిపోయిన పని లేసు. కాపుల ఇళ్లల్లోకీ, అగ్నికుల క్షత్రియుల ఇళ్లల్లోకీ అది వచ్చింది ఇలాగే. నేర్పినవాళ్లు పేట ఆడవాళ్లని మాత్రం ఊళ్లో ఎవరూ గుర్తు చేసుకునేవారు కాదు.

మామ్మ అల్లేటప్పుడు చూడాలి. దారం ఎడంచేతి చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి, చిటికెన వేలితో బిగువు పట్టేది. కుడిచేతిలో సూది. ముందు ఆరో ఎనిమిదో కన్నాల గొలుసు. దాని మొదలూ చివరా కలిపితే గుండ్రటి ముడి. ఆ ముడిలోంచి సూది దూర్చి, దారం లాగి, మళ్లీ దూర్చి, పొట్టి కాడలు కొన్ని, పొడుగు కాడలు కొన్ని. చుట్టూ తిరిగొచ్చేసరికి రేకులు విచ్చుకునేవి. కాగితం మీద నమూనా ఉండదు. ఏజెంటు తెచ్చిన మచ్చు ముక్కని ఎండకి ఎత్తిపట్టి, కన్నాలు లెక్కపెట్టుకుని, ‘సరే’ అనేది. అంతే, ఆ లెక్క వేళ్లలోకి దిగిపోయేది. తర్వాత చూపు ఎక్కడున్నా చెయ్యి ఆగేది కాదు. బిగువు తప్పితే పువ్వు గిన్నెలా ముడుచుకుపోతుంది. అప్పుడు ఏడుపుమొహం పెట్టకుండా ఒక్క లాగు లాగి మొత్తం విప్పేసేది. క్రోషెలో నాకు నచ్చేది అదే, ఒక్క చివర దొరికితే చాలు, ఎంత పనైనా మళ్లీ దారమైపోతుంది.

పువ్వులు అల్లడం చేతిపని. ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం అతుకుపని. అది ఇంకొకరు, ఇంకో ఊళ్లో. నా చిన్నతనంలో పూర్తయిన దుప్పటి మా అరుగు మీద ఎవరూ చూడలేదు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి పట్టుకెళ్లేవాడు. తూకం తగ్గితే దారం దాచేశారనేవాడు. మరి నీళ్ల చెయ్యి ఆరిన బరువెంత, గాలికి ఎగిరిన తునకల బరువెంత అని మా పెద్దమ్మ అడిగితే నవ్వేసేవాడు. నాకు ఆ నవ్వు ఇప్పటికీ మంట.

ఇంత చెప్పాక, ఆ మధ్యాహ్నాలు బాగుండేవని కూడా చెప్పాలి. ఎందుకు బాగుండేవో చెబుతాను. అరుగు మీద ఆరుగురుంటే అయిదుగురే అల్లేవారు. ఆరో మనిషి చదవాలి. అప్పటికి ఇంట్లో గడగడా చదవగలిగింది నేనే కాబట్టి, ఆరో క్లాసు నుంచీ ఆ ఉద్యోగం నాదే. ఆంధ్రప్రభ వారపత్రిక రాగానే ముందు ‘ప్రమదావనం’. మాలతీ చందూర్ 1952లో మొదలెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపిన శీర్షిక అది. ఎవరో ఎక్కణ్ణుంచో అడిగిన ప్రశ్న, దానికి ఆవిడ జవాబు. జుట్టు రాలడం దగ్గర్నుంచి అత్తగారి దాకా. జవాబు నేను చదివే లోపు మా పెద్దమ్మ తన జవాబు చెప్పేసేది, ఆ తర్వాత ఎవరిది బాగుందని తగువు. ప్రమదావనం అయ్యాక సీరియల్. ఆ తర్వాత యద్దనపూడి నవలల రోజులొచ్చాయి. ‘సెక్రటరీ’ని పాలకొల్లు అద్దె పుస్తకాల కొట్లోంచి తెచ్చుకుని, తిరిగిచ్చే గడువులోగా ముగించాలని సాయంత్రం దీపాలు పెట్టే దాకా చదివించారు. నవలలో రాజశేఖరం కారు దిగినప్పుడల్లా సూదులు ఆగేవి. ఏజెంటుకి ఆ వారం తూకం ఎందుకు తగ్గిందో తెలియలేదు.

చదివే మనిషి అల్లదు కదా, మరి దాని వాటా? అందుకో ఏర్పాటు ఉండేది. అల్లే ఒక్కొక్కరూ తమ పువ్వుల్లోంచి ఒకటి నా పేరున పక్కన పెట్టేవారు. వాటి డబ్బు నాకు రిబ్బన్లకీ, నోటు పుస్తకాలకీ. ఇప్పుడు ఆలోచిస్తే, నా జీవితంలో చదివినందుకు నాకు జీతం ఇచ్చిన మొదటి సంస్థ మా అరుగే.

రొట్టె సంగతీ అక్కడిదే. మా వైపు దిబ్బరొట్టె అంటే వేరే చెప్పక్కర్లేదు. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యపు రవ్వ, చిటికెడు జీలకర్ర. దళసరి ఇనప మూకుడులో నూనె ధారాళంగా పోసి, పిండి రెండంగుళాల మందాన పరిచి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింద కుంపటి, పైన నిప్పులు, మధ్యలో రొట్టె. ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో ఓవెన్ అని రాసేదానికి మా ఊరి ఏర్పాటు అది. దాన్ని తొందర పెట్టకూడదు. సెగ ఎక్కువైతే అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటుంది. సన్న సెగ మీద ముప్పావు గంట వదిలేయాలి. లేసు అల్లే ఇంటికి ఇంతకంటే అనువైన వంట లేదు. కలపక్కర్లేదు, తిప్పక్కర్లేదు. చేతికి నూనె అంటదు, కాబట్టి దారం మాయదు. పైగా అడుగు ఎర్రబడ్డ వాసన అరుగు మీదికే వస్తుంది, ఎవరూ లేచి చూడక్కర్లేదు. ముక్కలు కోసి, చెరుకు పానకంలో ముంచుకుని తిని, చేతులు సున్నిపిండితో కడుక్కుని, మళ్లీ సూది. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం మా ఇంటికొచ్చాక కొత్తవి చాలా ప్రయత్నించారు గానీ, లేసు ఉన్న రోజున మాత్రం దిబ్బరొట్టే.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, చుట్టుపక్కల ఊళ్లల్లో లేసు ఆడవాళ్లతో కూర్చుని లెక్కలు తీసింది. ఆవిడ పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో అది నా చేతికొచ్చింది. రోజంతా అల్లినా చేతికొచ్చేది రూపాయి లోపే అనీ, పొలంలో కూలికి వెళ్లే ఆడమనిషికి వచ్చేదానికంటే అది తక్కువనీ ఆవిడ తేల్చింది. ఎందుకు తక్కువంటే, వీళ్లని పనివాళ్లని ఎవరూ అనుకోలేదు. ఇల్లాళ్లు, పొద్దుపోక అల్లుకుంటున్నారు, అంతే. సంతోషం కోసం చేసే పనికి కూలేమిటన్నది వ్యాపారుల ధీమా. ఇంటి మగవాళ్లదీ అదే మాట. లేసు ఎక్కడికి పోతుందో, అక్కడ ఎంతకి అమ్ముతారో అల్లినవాళ్లకి తెలియదు.

ఆ లెక్కతో నాకు పేచీ లేదు. మా మామ్మ కళ్లు అరవై దాటకుండానే మసకేశాయి, ఆ సంగతి మీస్ పుస్తకం చదవకముందే నాకు తెలుసు. కాకపోతే, మా అరుగు మీది సంతోషం ఏజెంటు మూటలో వచ్చింది కాదు. నవల మేం అద్దెకి తెచ్చుకున్నది, రొట్టె మేం కాల్చుకున్నది, పువ్వులో వాటా మేం పెట్టుకున్న కట్టుబాటు. తీరిక వేళ సరదా అని చెప్పి కూలి కోసినవాళ్లు, ఆ సరదా తామే ఇచ్చినట్టు మాట్లాడటం నేను ఒప్పుకోను. మీస్ 2023లో చనిపోయిందని పేపర్లో చూసినప్పుడు, ఆవిడ మా అరుగు మీద ఒక సీరియల్ అయ్యే దాకా కూర్చుని ఉంటే ఏం రాసేదో అనిపించింది.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1899 కరువునీ, 1929 మాంద్యాన్నీ తట్టుకున్న లేసు, చైనా నుంచి వచ్చిన యంత్రపు లేసుకి మాత్రం బాగా దెబ్బతింది. అచ్చంగా క్రోషె అల్లే యంత్రం ఇప్పటికీ లేదు, కానీ దూరం నుంచి అలాగే కనిపించే సరుకు చవగ్గా దొరికితే కొనేవాడు దగ్గరికొచ్చి చూడడు. డ్వాక్రా సంఘాలు వచ్చాక సీతారామపురంలో లేసు పార్కు పెట్టారు. అతుకుపని, ఉతుకు, ఇస్త్రీ అన్నీ ఒకే చోట కావడంతో ఆడవాళ్లు తొలిసారి తాము అల్లింది పూర్తి వస్తువుగా చూశారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది.

మా పిన్ని ఇంకా అల్లుతోంది. ఇప్పుడు మచ్చు ముక్కలు రావు, వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. కోడలు ఫోన్లో దాన్ని పెద్దది చేసి చూపిస్తే పిన్ని కన్నాలు లెక్కపెడుతుంది, ఎన్ని పూటల పనో కోడలు కట్టి, ఆ తర్వాతే రేటు మాట్లాడుతుంది. కిందటి సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు హేండ్‌బ్యాగుల ఆర్డరు వచ్చి ఉంది. ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, “సంచికి కన్నాలేమిటే, చిల్లర పడిపోదూ?” అంది పిన్ని. లోపల గుడ్డ వేసి కుడతారని నేనూ కోడలూ ఇద్దరం చెబితే గానీ సూది పట్టలేదు.