కరిగిపోవాల్సిన ఎముక

కణితి తీసేసిన చోటో, ఎముక నుజ్జయిన చోటో ఖాళీ మిగిలితే సర్జన్లు రోగి తుంటి ఎముక నుంచే కొంత తీసి పూడ్చడం నేటికీ మామూలే. సొంత ఎముకను మించింది లేదు. కానీ అందుకు రెండో కోత, రెండో నొప్పి తప్పవు. పైగా తీయగలిగేది కొంచెమే.

బయటి పదార్థంతో పూడ్చే ప్రయత్నం పాతదే. జర్మనీకి చెందిన డ్రీస్‌మన్ ఎముకల్లో గుంతలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో నింపిన సంగతి 1892లో ప్రచురించాడు. అది ఒంటికి సరిపడింది, కరిగింది కూడా. చిక్కల్లా తొందరలోనే ఉంది. ప్లాస్టర్ కొన్ని వారాల్లో కరిగిపోతుంది, ఎముక పెరగడానికి నెలలు కావాలి. 1920లో న్యూయార్క్ సర్జన్ ఫ్రెడ్ ఆల్బీ కుందేళ్లలో కాల్షియం ఫాస్ఫేట్ పెట్టి చూసి, విరిగిన ఎముక త్వరగా అతికిందని రాశాడు. ఆ దారి తర్వాత చాలాకాలం మరుగునపడింది.

1970ల్లో సిరామిక్ ఎముకలు వచ్చాయి. వాటిలో ఒక రకమైన హైడ్రాక్సీఅపటైట్‌లో కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి 1.67. మరో రకమైన ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లో 1.5. తేడా చిన్నదే కానీ, కొలిమిలో కాల్చిన మొదటిది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, రెండోది కరుగుతుంది.

నా లెక్కలో అసలు మలుపు పంటి పరిశోధన నుంచి వచ్చింది. 1980ల్లో అమెరికాలో బ్రౌన్, చౌ అనే శాస్త్రవేత్తలు పంటి పుచ్చును పూడ్చే దారి వెతుకుతూ రెండు రకాల కాల్షియం ఫాస్ఫేట్ పొడులను నీళ్లతో కలిపారు. ఆ ముద్ద ఒంటి వేడి దగ్గరే గట్టిపడి హైడ్రాక్సీఅపటైట్‌గా మారింది. కొలిమి అక్కర్లేదు. గుంత ఎంత వంకరగా ఉన్నా అందులో ఒదిగిపోతుంది. కాల్చలేదు కనుక స్ఫటికాలు అతి సన్నం. అందుకే ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలు గట్టిపడిన ముద్ద మీద అతుక్కుని, అంచులు మూసుకుని, కింద ఆమ్లం వదిలి కరిగిస్తాయి. వెనకే వచ్చే కణాలు కొత్త ఎముకను పేరుస్తాయి. మన సొంత ఎముకను శరీరం జీవితాంతం తిరగరాసుకునేదీ ఇలాగే. 1996లో అమెరికా ప్రభుత్వం పుర్రె లోపాలు సరిచేయడానికి ఇలా గట్టిపడే ఈ సిమెంటు ముద్దను అనుమతించింది.

అయినా ఇవన్నీ పెళుసు సరుకే. బరువు మోసే కాలి ఎముకలో ప్లేట్లు, స్క్రూల ఆసరా లేకుండా నిలవవు. మీకో, మీవాళ్లకో ఇలాంటి ఆపరేషన్ చెబితే, నింపేది ఏ పదార్థమో, ఎన్నాళ్లకు కరుగుతుందో డాక్టర్‌గారిని తప్పక అడగండి.