ఇంజను కుదురుకునేదాకా

"కొత్త ఇంజను కదా, మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి." మోపెడ్ కొన్నా, కోటి రూపాయల పోర్షే కొన్నా ఈ మాట చెప్పేవాళ్లు దొరుకుతారు. షోరూములో కుర్రాడు చెబుతాడు, పెట్రోలు బంకులో పక్క బండాయన చెబుతాడు, మేనమామ సరేసరి. ఈ సలహాలో సగం నిజం. మిగతా సగం ఒకప్పటి నిజం. ఆనాటి ఇనుమును, ఆనాటి నూనెను చూసి పుట్టిన జాగ్రత్త అది. ఇనుమూ నూనే మారినా మాట మారలేదు. అందుకే ఇవాళ స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు కొందరు జాగ్రత్త పేరుతోనే ఇంజనుకు చెరుపు చేస్తున్నారు. పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతానికి స్పోర్ట్స్ కార్లు కొత్తేమో గానీ, కొత్త ఇంజనును దారికి తెచ్చుకోవడం మాత్రం కొత్త కాదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పుకోవాలి. సిలిండరు లోపలి గోడ మరీ నున్నగా ఉండదు, ఉండకూడదు కూడా. బోరు చేశాక హోనింగ్ రాళ్లతో దాని మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నని గీతలు వేస్తారు. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. గీతల మధ్య మిగిలిన గరుకు అంచులను పిస్టన్ రింగులు తొలి గంటల్లో అరగదీస్తాయి. రింగూ గోడా ఒకదానికొకటి సరిపోయేలా అరిగితేనే మండిన వాయువు కిందికి జారదు, కింది నూనె పైకి ఎక్కదు. రింగును గోడకు అదిమేది దాని సొంత బిగువు ఒక్కటే కాదు. మండిన వాయువు రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి నెడుతుంది. అంటే ఇంజను మీద కాస్త బరువు పడితేనే రింగు గోడను గట్టిగా పట్టుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో నాలుగు స్ట్రోకుల ఇంజను నడిపించాడు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజను పరీక్షలో నెగ్గింది. ఆ రోజుల్లో ఇంజను అంటే సగం చేతిపని. క్రాంకు తిరిగే బేరింగుల్లో తెల్లలోహం కరిగించి పోసేవారు. షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటుకున్నచోటల్లా స్క్రేపరుతో గీకి సరిచేసేవారు. చేతి ఓపిక అయిపోయిన చోటి నుంచి మిగతా పని ఇంజనే చేసుకోవాలి. తొలి వందల మైళ్లు నెమ్మదిగా నడపమనడానికి రింగులతో పాటు ఈ బేరింగులూ పెద్ద కారణమే. నూనెలు కూడా అంతంతమాత్రం. 1930ల నడుమ క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్లలో రింగులు జిగురు పట్టి గాడిలోనే అతుక్కుపోతుంటే, ఆ బాధ తీర్చడానికే మసిని కడిగే డిటర్జెంట్ నూనెలు వచ్చాయి. బ్రిటన్‌లో కొత్త కార్ల వెనకద్దానికి "రన్నింగ్ ఇన్ (ఇంజను కుదురుకుంటోంది), దాటి వెళ్లండి" అని కాగితం అంటించుకునేవారు. వెనక వచ్చేవాడు హారను కొట్టి ప్రయోజనం లేదని ముందే చెప్పడమన్నమాట.

మన డెల్టాకు ఇంజను కారు రూపంలో కాదు, నీళ్లు తోడే ఆయిలింజను రూపంలో దగ్గరయింది. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1929–30 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ రకం డీజిల్ ఇంజను నిమిషానికి 600, 650 చుట్లే తిరిగేది. పెద్ద పెద్ద చక్రాలు, ఒకటే సిలిండరు. దాని నమూనాలు తర్వాత రాజ్‌కోట్‌లో ఎన్నెన్నో తయారయ్యాయి. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిలింజన్ల కంపెనీ మొదలైంది. కాలువ చివరి భూములకూ, బాపట్ల దగ్గర కర్లపాలెం, పిట్టలవానిపాలెం వైపు ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్లనే లోతు తక్కువ గొట్టపు బావులకూ ఇలాంటి ఇంజన్లే దిక్కయ్యాయి. ఆ ఇంజను చుట్లు తక్కువ, బరువు ఎక్కువ. పంపు నీళ్లు అందుకోగానే దాని మీద లోడు పడుతుంది. కాబట్టి రైతు ప్రత్యేకంగా ఏమీ చేయనవసరం లేకుండానే రింగులు కుదురుకునేవి. నీళ్లు అందని పంపుతో వృథాగా తిప్పిన ఇంజనే తర్వాత నల్లనూనె కక్కేది.

అసలు చదువు నేర్పింది లారీ. టాటా, డైమ్లర్-బెంజ్ కంపెనీలు కలిసి 1954 నుంచి మన దేశంలో లారీలు చేశాయి. 1955లో మద్రాసులో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. ఆ లారీలు ధాన్యం, బియ్యం, దుగ్గిరాల పసుపు మోసీ మోసీ ఒకనాటికి "బోరుకొచ్చేవి". పొగ గొట్టంలో నీలిపొగ, రోజూ నూనె పోయడం, ఎత్తు ఎక్కలేకపోవడం: ఇవీ గుర్తులు. బ్లాకు దించి విజయవాడ ఆటోనగర్‌కో, తెనాలి లేత్ షాపుకో పంపేవారు. అరిగిన సిలిండరును అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 10, 20, 30, 40 సైజులకు పెంచి, దానికి తగిన పెద్ద పిస్టన్లు వేసేవారు. నలభై దాటితే కొత్త లైనర్లే.

అక్కడ మేస్త్రి చేసే ఒక పని దగ్గరగా చూడదగ్గది. కొత్త రింగును పిస్టనుకు తొడగకముందే ఒంటరిగా బోరులో పెడతాడు. పిస్టను తలతో నెట్టి దాన్ని వంకర లేకుండా కిందికి దింపుతాడు. రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజి రేకు దూర్చి చూస్తాడు. రేకు దూరకపోతే రింగు తీసి, కొసను ఆకురాయితో రవ్వంత రాసి మళ్లీ పెడతాడు. ఆ సందు తక్కువైతే వేడికి రింగు పెరిగి, కొసలు రెండూ ఢీకొని బోరును గీసేస్తుంది. ఎక్కువైతే వాయువు జారుతుంది. ఆరు సిలిండర్ల ఇంజనైతే ప్రతి సిలిండరుకూ, ప్రతి రింగుకూ ఇదే వరస. ఈ ఓపికలో సగం కూడా లేకుండా బిగించిన ఇంజనును ఆ తర్వాత ఎంత మెత్తగా నడిపినా లాభం లేదు. రన్నింగ్-ఇన్ బిగింపు తప్పును దిద్దదు. డ్రైవర్లు ఈ మాట ఒప్పుకుంటారు, ఓనర్లే ఒప్పుకోరు.

ఇంజను బిగించాక అది ఎంత బిర్రుగా ఉండేదంటే సెల్ఫుకు తిరిగేది కాదు. ఇంకో లారీకి తాడు కట్టి లాగించి, గేరులో వదిలి స్టార్ట్ చేసేవారు. అక్కడి నుంచి మేస్త్రీలవి రెండు దారులు. కొందరు రాత్రంతా స్లో రన్నింగులో వదిలేసేవారు. కొందరు కాసేపు తిప్పి, నీరు, నూనె, టాపెట్లు చూసుకుని, సగం లోడుతో ఒక ట్రిప్పు పంపేవారు. ఇప్పుడు తెలిసిన దాన్ని బట్టి చూస్తే రెండో దారే మేలు. రాత్రంతా స్లోలో తిరిగే ఇంజనులో ఒత్తిడి చాలక రింగు గోడను పట్టుకోదు. సగం మండిన డీజిలు గోడ మీది నూనెను కడిగేస్తుంది. మిగిలిన నూనె మాడి గోడకు గాజుపొర కడుతుంది. ఆ పొర ఒకసారి పడితే ఇక రింగులు అరగవు, నూనె మింగడం ఆగదు. మళ్లీ విప్పి హోనింగ్ చేయాల్సిందే. మొదటి దారి పాత తెల్లలోహపు బేరింగుల కాలం నాటి అలవాటు. ఆ బేరింగులు పోయి, తయారుగా దొరికే పల్చని బేరింగు షెల్లులు వచ్చినా అలవాటు మిగిలింది.

ట్రాక్టరుతో ఈ విద్య వాకిట్లోకి వచ్చింది. మద్రాసులో టాఫే 1960లో పుట్టింది, ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా ట్రాక్టర్లు 1963లో మొదలయ్యాయి, మొహాలీలో స్వరాజ్ 1974లో వచ్చింది. రైతు నాయకుడు ఆచార్య రంగా పుట్టిన నిడుబ్రోలు పొన్నూరును ఆనుకునే ఉంది. ఆ చుట్టుపక్కల వరి రైతుకు ట్రాక్టరు కొనే ముహూర్తం తరచుగా దమ్ముకు ముందే. కొత్త ట్రాక్టరుకు కేజ్ వీల్స్ తగిలించి, మోకాటిలోతు బురదలో గంటల తరబడి ఒకే యాక్సిలరేటరు మీద తిప్పడమంటే దాని తొలి పరీక్ష కఠినమైనదే. అందుకే కంపెనీలు తొలి 50 గంటలు మరీ బరువు వేయకుండా, అలాగని ఖాళీగానూ తిప్పకుండా, మెట్ట దుక్కి, తేలికపాటి ట్రక్కు తోలకం లాంటి పనులు చేయించమంటాయి. 50 గంటలు నిండగానే నూనె, ఫిల్టరు మార్పిస్తాయి. తొలి అరుగుదలలో రాలిన ఇనుప పొడి ఆ నూనెలోనే ఉంటుంది. కిలోమీటర్లతో కాక గంటల మీటరుతో ఇంజను వయసు లెక్కపెట్టడం రైతుకు అప్పుడే అలవాటైంది.

కార్ల సంగతి చూస్తే, అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్నది బ్రిటన్ బీఎంసీ వారి 1489 సీసీ ఇంజను. 1990ల మొదట్లో ఇసుజు 1800 సీసీ ఇంజను వచ్చేదాకా దాన్నే బోరు చేయించుకుంటూ గడిపారు. ప్రీమియర్ పద్మినిదీ అంతే. ఆ కాలంలో "మెల్లగా పోనివ్వు" అన్నది నిక్కమైన సలహా. యెజ్డీ, రాజ్‌దూత్, హైదరాబాదు ఆల్విన్ పుష్పక్ లాంటి టూ స్ట్రోకు బండ్లకైతే మరీనూ. పెట్రోల్లో నూనె కలపడంలో తేడా వస్తే కొత్త పిస్టను వేడెక్కి నడిరోడ్డులో పట్టేసేది. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కాక సంగతి మారడం మొదలైంది. వెయ్యి కిలోమీటర్ల ఫ్రీ సర్వీసు మిగిలింది గానీ, వెనకద్దం కాగితాల కాలం అయిపోయింది.

మార్పు వచ్చింది ఫ్యాక్టరీలోనే. సిలిండరుకు గీతలు వేశాక వాటి పదునైన అంచులను అక్కడే మరో విడత హోనింగ్‌తో చదును చేసేస్తున్నారు. ఒకప్పుడు ఓనరు వందల మైళ్లు తిప్పి చేసిన పనిలో చాలా భాగం యంత్రమే కొద్ది క్షణాల్లో ముగిస్తోంది. గోడలూ మారాయి. 1973 పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్‌లో ఇనుప లైనరు లేదు. అల్యూమినియం సిలిండరు లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన నికాసిల్ పూత వేశారు. సింథటిక్ నూనె మరీ జారుడు కాబట్టి కొత్త ఇంజనులో పోస్తే రింగులు కుదురుకోవన్న భయం ఇప్పటికీ ఉంది. 1992 నుంచి షెవ్రొలే కార్వెట్ ఫ్యాక్టరీలోనే మొబిల్ 1 సింథటిక్ నూనెతో బయటికి వస్తోంది. ఆ భయానికి అంతకన్నా జవాబు అక్కర్లేదు.

మరి స్పోర్ట్స్ కారుకు ఇంకా నియమాలెందుకు? ఎందుకంటే అక్కడ ఒక్కో భాగం మీద పడే బలం ఎక్కువ, కుదురుకోవలసింది ఇంజను ఒక్కటే కాదు. బీఎండబ్ల్యూ వారి ఎం కార్లకు తొలి 2000 కిలోమీటర్లు నిమిషానికి 5500 చుట్లు, గంటకు 170 కిలోమీటర్లు దాటవద్దంటారు. 2000కు ఇంజను నూనెతో పాటు డిఫరెన్షియల్ నూనె కూడా మారుస్తారు, గేర్ల పళ్లు కూడా తొలి రోజుల్లోనే ఒరుసుకుంటాయి కాబట్టి. ఇప్పటి కార్వెట్‌కు తొలి 320 కిలోమీటర్లలో గట్టి బ్రేకు వేయవద్దు, 800 దాకా 4000 చుట్లు దాటవద్దు, ఒకే వేగంతో నడపవద్దు, 2400 దాకా రేసు ట్రాక్ ఎక్కవద్దు. ఓనరు మాట వినడని కంపెనీకి తెలుసేమో, తొలి 800 కిలోమీటర్లలో కింది గేర్ల టార్కును కారు కంప్యూటరే తగ్గించి ఉంచుతుంది. అమెరికాలో తయారైన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ ఇంజనునైతే కారుకు బిగించకముందే బెంచి మీద సుమారు 240 కిలోమీటర్లకు సమానంగా తిప్పారు. మేస్త్రి సగం లోడు ట్రిప్పు పనే ఇది, కొలతలతో జరిగింది.

తొలి కిలోమీటరు నుంచే గట్టిగా తొక్కాలనేవాళ్లు కూడా ఉన్నారు. రింగుకు ఒత్తిడి కావాలన్న వారి మాట నిజమే. కానీ ఒత్తిడి వేరు, హద్దు మీరిన చుట్లు వేరు. చల్లటి ఇంజనును చుట్ల మీటరులో ఎర్రగీత దాకా లాగితే రింగులకు జరిగే మేలు కన్నా బేరింగులకూ గేర్లకూ జరిగే కీడే ఎక్కువ. నా తీర్పు అడిగితే, కంపెనీ పుస్తకంలో ఉన్న చుట్ల హద్దు పాటించాలి, ఆ హద్దు లోపల మాత్రం ఇంజనుకు పని చెప్పాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే విద్యుత్తు కార్ల పందెం జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో పిస్టన్లు లేవు, రింగులు లేవు, కుదురుకోవలసిన సిలిండరు గోడే లేదు. కొత్త టైర్లూ బ్రేకులూ మాత్రం అక్కడా ఒరుసుకోవాలి. విద్యుత్తు కార్లు పెరిగేకొద్దీ రన్నింగ్-ఇన్ మేస్త్రీలతోనే వెళ్లిపోయే విద్య అవుతుంది. ఈలోగా మాత్రం పెట్రోలు, డీజిలు ఇంజన్లు కొనేవాళ్లు లక్షల్లో ఉన్నారు.

వాళ్లకు చెప్పేది ఇంతే. కొత్త కారును ఒంగోలు దాకా జాతీయ రహదారి మీద క్రూయిజ్ కంట్రోల్ పెట్టి ఒకే వేగంతో తీసుకెళ్లకండి. తొలి వారాల్లో పొన్నూరు నుంచి తెనాలికో, బాపట్లకో నడపండి. ఊళ్లు, కాలువ వంతెనలు, ట్రాక్టర్లు అడ్డొచ్చే ఆ రోడ్లలో వేగం తగ్గుతుంది, పెరుగుతుంది, గేరు మారుతుంది. ఇంజనుకు కావలసింది అదే. వాకిట్లో అరగంట ఖాళీగా తిప్పకండి, పై గేరులో గుంజేలా నడపకండి. తొలి సర్వీసు ఎగ్గొట్టకండి. బండి తాళాలు తీసుకునే రోజే మాన్యువల్లో రన్నింగ్-ఇన్ పేజీ తీసి చదవండి. డ్రైవరుకూ, "ఒక్క రౌండు వేసొస్తా" అనే బావమరిదికీ ఆ పేజీ చూపించాకే తాళాలివ్వండి.