పాలమూరు సీమలో ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనలు, ప్రజా శిక్షణ

పాలమూరు సీమలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో మ్యూజియం అనగానే గుర్తొచ్చేవి శిల్పాలు. అలంపురంలో చాళుక్యుల కాలపు విగ్రహాలున్నాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న గుళ్లను రాయి రాయి విప్పి, ఒడ్డుకు తెచ్చి మళ్లీ కట్టిన నేల ఇది. పిట్టలకు, పురుగులకు, మొక్కలకు మాత్రం అంత పేరున్న ఇల్లు ఇక్కడ ఏర్పడలేదు. నల్లమలలో సేకరించిన నమూనాలు చాలావరకు దూరపు నగరాలకు వెళ్లాయి. జనానికి అడవిని పరిచయం చేసే పని వాటితో సంబంధం లేకుండా, చాలా ఆలస్యంగా మొదలైంది.

సేకరణల కాలం: 1931–32లో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్ రాజ్యంలోని పక్షుల సర్వే చేశారు. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి మీద మన్ననూరు, ఫరహాబాద్‌లలో మకాం వేశారు. ఆ రోజుల్లో పక్షుల అధ్యయనమంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టడమే. సర్వే ఫలితాలు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో 1933–34లో వెలువడ్డాయి. కొట్టిన చోటు, తేదీ రాసి ఉండటం వల్లే ఇలాంటి నమూనాలు నేటికీ పనికొస్తున్నాయి. కానీ మన్ననూరు పిట్టను చూడాలంటే మన్ననూరు పిల్లవాడు ముంబయి వెళ్లాలి.

1940లో నల్లమల అడవుల్లో ఉండే చెంచుల మధ్య గడిపిన నృశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో వారి మీద పుస్తకం ప్రచురించారు. ఏ దుంప ఎప్పుడు తవ్వాలో, తేనె ఎక్కడ దొరుకుతుందో తెలిసిన మనుషుల బతుకు అందులో ఉంది. దాన్ని నృశాస్త్ర గ్రంథంగానే చదువుతారు గానీ ప్రకృతి చరిత్రగా కూడా చదవవచ్చు. తర్వాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. నల్లమల వృక్షజాలాన్ని భారత వృక్షశాస్త్ర సర్వేక్షణకు చెందిన జె.ఎల్. ఎల్లిస్ రెండు సంపుటాలుగా (1987, 1990) నమోదు చేశారు.

ప్రజల ముందుకు: మన దేశంలో పిల్లలకు ప్రకృతిని పరిచయం చేసే కార్యక్రమాలకు కేంద్రమైన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 1978లో ఢిల్లీలో తెరుచుకుంది, 2016 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైంది. దాని ప్రాంతీయ శాఖలు మైసూరు, భోపాల్, భువనేశ్వర్‌లకు వచ్చాయి గానీ తెలుగు నేలకు రాలేదు.

పాలమూరులో ఆ లోటును కొంత పూడ్చినవి స్వచ్ఛంద సంస్థలు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికతో, అదే పేరిట జరిపే బడిపిల్లల పోటీలతో సైన్సును పల్లెలకు తీసుకెళ్లింది. వనపర్తిలోని సాగర్ స్నేక్ సొసైటీ ఇళ్లల్లో దూరిన పాములను పట్టి అడవిలో వదులుతుంది. పొలం పనులు, గడ్డివాములు ఉన్నచోట ఏది విషపుదో, ఏది కాదో చెప్పడం కంటే అక్కరకొచ్చే పాఠం ఏముంటుంది?

కళాశాలల సంగతి వేరు. జంతుశాస్త్ర విభాగంలో ఫార్మలిన్ సీసాల అర, గోడకు ఎముకల పటం, ఇదే చాలా డిగ్రీ కళాశాలల ‘మ్యూజియం’. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011 నుంచి జంతువుల కోతను తగ్గిస్తూ వచ్చి, 2014లో పూర్తిగా ఆపమంది. జంతువుల మీద దయ పరంగా అది మంచిదే. అయితే ఆ తర్వాత పాత సీసాల విలువ పెరిగింది, వాటి సంరక్షణ మాత్రం పెరగలేదు. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి. పొరుగున జడ్చర్లలో డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగం ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను పెంచింది. ఎండిన ఆకును కాగితానికి అంటించి చూపడం ఒకటి, బతికున్న చెట్టు కింద నిలబెట్టి పేరు చెప్పడం ఒకటి. ఈ కళాశాల రెండో దారి ఎంచుకుంది.

మన్ననూరు: రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోని తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరులో అటవీశాఖ పర్యావరణ విజ్ఞాన కేంద్రం నడుపుతోంది. ఏటా అక్టోబరు తొలి వారంలో జరిగే వన్యప్రాణి వారోత్సవాలు బడిపిల్లలను అడవికి దగ్గర చేసే సందర్భం. 2021లో అటవీశాఖ సందర్శకులకు రాత్రి బస, సఫారీ కలిపిన ‘టైగర్ స్టే’ పథకం మొదలుపెట్టింది. అందులో గైడ్లుగా పనిచేసేది చెంచు యువకులే. సాలిం అలీ మకాం వేసిన పీఠభూమి మీదే ఇప్పుడు పక్షి పేరును సందర్శకుడికి స్థానికుడు తెలుగులో చెబుతున్నాడు.