పెనుకొండలో పేరుకు మాత్రమే రాజు

హిందూపురం నుంచి ధర్మవరం వైపు రైలెక్కిన మన తాండాల పిల్లలకు పెనుకొండ కొత్త కాదు. రాయలవారి వేసవి విడిది అని అందరూ చెబుతారు. అంతకుముందు అదే కోటలో ఒక కుర్రరాజును ఏళ్ల తరబడి కాపలాలో ఉంచారు. యువ మిత్రులారా, ఈ సంచికలో మేము ఆ కథే చెప్పదలిచాం.

సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కి, 1491లో కన్నుమూశాడు. కొడుకులిద్దరూ చిన్నవాళ్లు. అందుకని రాజ్యాన్ని, పిల్లల్ని తన సేనాని తుళువ నరస నాయకుడి చేతిలో పెట్టాడు. తాను పట్టలేకపోయిన రాయచూరు, ఉదయగిరి, కొండవీడు కోటలు గెలవమని కూడా చెప్పి పోయాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. పెద్ద కొడుకును త్వరలోనే చంపేశారు. రెండోవాడు ఇమ్మడి నరసింహుడికి పట్టం కట్టారు.

తర్వాత జరిగింది కూడా నూనిజ్ చెప్పిందే. అన్నను చంపించినవాడిని కొత్త రాజు శిక్షించలేదు సరికదా, దగ్గరకు తీశాడు. నరస నాయకుడు వేటకని బయలుదేరి నేరుగా పెనుకొండ చేరాడు. అక్కడ సైన్యాన్ని కూడగట్టి రాజధాని మీదికి వచ్చాడు. రాజు దిగివచ్చాడు. కొంతకాలానికి ఆ రాజునే పెనుకొండకు తరలించి చుట్టూ కాపలా పెట్టారు.

అయినా శాసనాల్లో రాజు ఇమ్మడి నరసింహుడే. దానం ఇచ్చినా, పన్ను మాఫీ చేసినా ఆయన పేరు మీదే. ఖజానా, సైన్యం, కోటల అధికారం మాత్రం నరస నాయకుడివి. మరి ఆ పేరైనా ఎందుకు ఉంచినట్టు? సాళువ వంశం మీద విశ్వాసం ఉన్న సామంతులు ఇంకా ఉన్నారు. రాజును తీసేస్తే వాళ్లు తిరగబడతారు, ఉంచితే ఆయన పేరు చెప్పి వాళ్ల చేత పని చేయించుకోవచ్చు. ఇది అర్థం కావడానికి మనకు చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఎస్టీ రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో సర్పంచ్ సంతకం మనవాడిది, చెక్కుబుక్కు ఇంకొకరి జేబులో ఉండటం మనలో చాలామంది చూసిందే.

పిల్లవాడు ఎప్పటికీ పిల్లవాడుగా ఉండడు. ఇమ్మడి నరసింహుడూ పెద్దవాడయ్యాడు, అధికారం మాత్రం చేతికి రాలేదు. 1503లో నరస నాయకుడు చనిపోతే ఆ పెత్తనం కొడుకు వీరనరసింహుడికి వారసత్వంగా దక్కింది. సంరక్షణ బాధ్యత కూడా ఆస్తిలా తండ్రి నుంచి కొడుకుకు వచ్చిందన్నమాట! 1505లో రాజును పెనుకొండలోనే చంపించారు. తుళువ వంశం బాహాటంగా గద్దె ఎక్కింది.

ఆ వంశానికీ ఇదే చిక్కు ఎదురైంది. వీరనరసింహుడు చనిపోతూ తన ఎనిమిదేళ్ల కొడుకు కోసం తమ్ముడు కృష్ణరాయల కళ్లు పీకించమన్నాడనీ, మంత్రి తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించాడనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గాని, అందులోని భయం మాత్రం నిజమే. 1529లో కృష్ణదేవరాయలు పోయేనాటికి ఆయన కొడుక్కి ఏడాదిన్నర. ఆయన ఆ బిడ్డను కాదని తమ్ముడు అచ్యుతరాయలను ఎంచుకున్నాడు. హిందూపురం పక్కన మన లేపాక్షి గుడి ఆ అచ్యుతరాయల కాలానిదే.

1542లో అచ్యుతరాయలు పోయాక ఆయన చిన్న కొడుకు వెంకటుడు రాజయ్యాడు. సొంత మేనమామ సలకరాజు తిరుమలుడే ఆ పిల్లవాడిని చంపించి గద్దె ఎక్కాడు. అళియ రామరాయలు అతన్ని ఓడించి, 1543లో సదాశివరాయలను నిలబెట్టాడు. ఆ రాజును ఏడాదికి ఒక్కసారే జనానికి చూపించేవారని ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. అతని తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదికెక్కించి, సదాశివరాయలను వెంటబెట్టుకుని వచ్చింది ఈ పెనుకొండకే.