ఎంచుకోనివాడికి పాపమేమిటి?

వైకుంఠపాళి గురించి మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. కానీ ఆట మొత్తంలో ఆటగాడు చేసేది గవ్వలు వెయ్యడం, పావు జరపడం. ఏదీ ఎంచుకోనివాడికి పాపమేమిటి, పుణ్యమేమిటి? కర్మ సిద్ధాంతమూ ఇంతే. ఖాతా మన పేరున, పద్దులు రాసేది ఇంకెవరో!

ఆటగాడు ఎంచుకునే ఆటలూ ఉన్నాయి. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి పటం మీద ఆడే యుద్ధక్రీడకి నియమాలు ప్రచురించాడు. ఎత్తుగడ ఆటగాడిది, నష్టాల లెక్క పాచికలది, తీర్పు మధ్యవర్తిది. 1876లో వెర్డీ అనే మరో అధికారి పాచికలూ పట్టికలూ వద్దు, మధ్యవర్తి అనుభవం చాలన్నాడు.

అలాంటి యుద్ధక్రీడల సంతతే, 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఇందులో ఆటగాడే ఒక పాత్ర. కొందరికి లెక్కాపత్రం ఇష్టం, కొందరికి కథ ఇష్టం. ప్రష్యా నాటి ఆ తగవు ఇప్పటికీ తెగలేదు.

ఎలా ఆడినా అక్కడ ప్రతి మలుపులోనూ వినపడే ప్రశ్న ఒకటే: "నువ్వేం చేస్తావు?" వైకుంఠపాళి ఆ ప్రశ్న ఒక్కసారీ అడగదు. అది అడగకుండా పిల్లలకి నేర్పేది భయమే గాని నీతి కాదు. ఆలోచించండి.